నలుపు వదలని దూలం

“ఆ నలుపు పొడై రాలి పిల్ల గొంతులోకి పోతే ఏం గతి? నిద్రలో నోరు తెరుచుకుని పడుకుంటుంది అది. ఒక్కరైనా ఆలోచించారా?”

పలాగ ఈ మాట ఎవరి మొహం చూసీ అనలేదు. పొయ్యి మీద మొక్కజొన్న సంకటి కలుపుతూ, గిన్నెలోకి చూస్తూ అంది. వంటింట్లో ఉన్న కొడుక్కీ, కోడలికీ, మొగుడికీ వినబడింది. మనవరాలు ఆనుత్సకి కూడా అర్థమైందేమో, తల్లి ఒళ్ళో కదిలి దగ్గింది.

పిల్ల దగ్గినప్పుడల్లా పలాగ చెయ్యి ఆగిపోతుంది. దగ్గు వెనకాల పిల్లికూత వస్తుందా రాదా అని చెవి పెడుతుంది. వచ్చింది. సన్నగా, ఎక్కడో తలుపు సందులోంచి గాలి దూరినట్టు.

“అమ్మా, మళ్ళీ మొదలెట్టకు,” అన్నాడు తోదేర్. “సోమవారం ఇల్లు లేపుతున్నామని ఊరంతా చెప్పి వచ్చాను. సాయానికి వస్తామన్నారు. ఇప్పుడు గడపగడపకీ వెళ్ళి, మా అమ్మకి భయంగా ఉందిట, రాకండి అని చెప్పనా?”

“నా భయం సంగతి సరే. నీ పెళ్ళాం ఏమందో అది చెప్పు.”

“నేను అన్నది నేనే చెప్తాను అత్తయ్యా,” అంది దోమ్నిక. పిల్ల వీపు నిమురుతూనే ఉంది, గొంతు మాత్రం పెరగలేదు. “ఆ దుంగలు అలాగే గోడకెక్కితే నేను పిల్లని తీసుకుని మా అమ్మ దగ్గరికి పోతాను. కొండ దాటితే మా ఊరు. మీ అబ్బాయి వస్తే వస్తాడు. లేకపోతే ఆ దూలాన్ని కావిలించుకుని పడుకుంటాడు.”

“పోతే పో,” అన్నాడు తోదేర్. “పాత దుంగలు కొనే ఆ లారీ ఆయన రోజూ ఫోన్ చేస్తూనే ఉన్నాడు. మొత్తం పట్నం హోటల్‌కి పట్టుకుపోతాడట. గోడలు నల్లగా ఉంటేనే అక్కడ అందమట. మనకి చావు, వాళ్ళకి అందం.”

“ఆ మాట అనకురా,” అంది పలాగ. “ఇంట్లో దగ్గే పిల్లని పెట్టుకుని చావు మాట అనకు.”

గావ్రిల బల్ల చివర కూర్చుని జేబుకత్తితో పొగబెట్టిన పంది కొవ్వు ముక్కలు కోసుకుంటున్నాడు. ఒక్కో ముక్కా కోసి, ఉల్లిపాయ మీద పెట్టి, నెమ్మదిగా నమిలాడు. ఆ దుంగలు ఆయన తల్లి బతికిన పాత ఇంటివి. ఆయన పుట్టిన ఇల్లు. ఏ మాటా ఆయనకి తగిలినట్టు లేదు.

ఈస్టర్ వారంలో దుంగల మీద కప్పిన ప్లాస్టిక్ పట్టా విప్పిన రోజు నుంచీ ఆయన పలాగతో మాట్లాడలేదు. ఆవుతో మాట్లాడతాడు. తేనెటీగలతో మాట్లాడతాడు. గోడవతల పాదిరీ గారి కుక్కని పేరు పెట్టి పలకరిస్తాడు. పెళ్ళాం సంకటి పళ్ళెం ముందు పెడితే మాత్రం, అది గాలికి వచ్చి వాలినట్టు తీసుకుంటాడు.

“ఏమయ్యా, నువ్వైనా చెప్పు,” అంది పలాగ, అలవాటు చావక.

గావ్రిల కత్తి మడిచి జేబులో వేసుకున్నాడు. టోపీ తీసుకుని బయటికి వెళ్ళిపోయాడు.

“ఇదీ వరస,” అన్నాడు తోదేర్. “మా ఇంట్లో ఒకరు నోరు మూయరు. ఒకరు నోరు తెరవరు.”

*

కొట్టం పక్కన దుంగలు వరసలుగా పేర్చి ఉన్నాయి. ఇప్పుడు వరసకీ వరసకీ మధ్య బద్దలు వేసి ఉన్నాయి. గాలి ఈ పక్క నుంచి దూరి ఆ పక్క నుంచి పోతోంది. పైన రేకు, పక్కలన్నీ ఖాళీ. నిరుడు శరదృతువులోనే ఇలా ఉంచి ఉంటే ఇంత జరిగేది కాదని ఇప్పుడు దారిన పోయే ప్రతివాడూ చెప్తున్నాడు.

అప్పుడు ఎవరూ చెప్పలేదు. ముసలావిడ పోయాక ఖాళీగా ఉన్న ఇంటిని వేసవిలో ఊడదీశారు. ఏ దుంగ ఎక్కడిదో తెలియడానికి మూలల్లో ఉలితో గీతలు కొట్టి, వరసన పేర్చారు. ఇంకో వేసవి వస్తే కిందనున్న చదును నేల మీద మళ్ళీ అదే ఇల్లు లేపాలి. ఇటుకల ఇల్లు కట్టే స్తోమత తోదేర్‌కి లేదు, ఉన్న ఒక్క గదిలో ఇద్దరు ఆడవాళ్ళ పొయ్యి ఇమిడేలా లేదు.

అంతలో వానలు మొదలయ్యాయి. రాత్రంతా ఇంటి రేకు మీద చినుకుల చప్పుడు వింటూ పలాగ నిద్రపోలేదు. దుంగలు నానిపోతాయి, పగుళ్ళు తీస్తాయి, కొడుకు ఇల్లు నీళ్ళపాలవుతుంది. తెల్లారగానే కూరగాయల పందిరి మీదున్న పెద్ద ప్లాస్టిక్ పట్టా లాగి, దుంగలన్నిటినీ పసిపిల్లకి దుప్పటి చుట్టినట్టు చుట్టింది. నాలుగు పక్కలా నేల దాకా లాగింది. గాలికి లేవకుండా అంచుల మీద రాళ్ళు పెట్టింది. రాళ్ళు అందించింది గావ్రిలే. ఒక్కొక్కటీ వాగు ఒడ్డు నుంచి మోసుకొచ్చి, మాట్లాడకుండా ఆమె చేతికి ఇచ్చాడు.

శీతాకాలమంతా పట్టా మీద మంచు పడింది. పట్టా విప్పిన రోజు లోపలి నుంచి వచ్చిన ముక్కిన వాసనకి తోదేర్ వెనక్కి జరిగాడు. దుంగల మీద తెల్లటి నూగు, దాని మీద పచ్చటి మచ్చలు. పట్టా లోపలి వైపు నీటి బొట్లు ఇంకా జారుతున్నాయి. చెక్క తన చెమటలో తనే ఉడికింది.

అప్పటి నుంచీ పలాగ ఆ దుంగలని వదల్లేదు. ముక్కుకి గుడ్డ కట్టుకుని, ఎండలో ఒక్కొక్కటీ దొర్లించి, పొడి చీపురుతో దులిపింది. సోడా నీళ్ళతో కడిగింది. బ్లీచింగ్ పోసింది. తోమి తోమి, ఈమధ్య రోజుల్లో, చెక్క తెల్లబడటానికి బదులు నల్లబడింది. పచ్చ కాదు, నూగు కాదు. పొయ్యి గోడ మసిలాంటి నీలపు నలుపు. తోమినకొద్దీ ముదిరింది.

అన్నిటికంటే ఘోరంగా ఉన్నది పెద్ద దూలం. ఇంటి కప్పుకి నడుమ నిలిచేది అదే. దాని నడిమధ్య చెక్కిన శిలువ ఉంది. శిలువకి పక్కన, ఊయల తాడు ఊగి ఊగి అరగదీసిన రెండు గాడులు ఉన్నాయి. నున్నగా, వేలు పెడితే వేలికి సరిపోతాయి. దేవుడి గుర్తు ఉన్నది కదా, దాన్ని ముందు బాగుచెయ్యాలని పలాగ దాన్నే ఎక్కువ తోమింది. ఇప్పుడు శిలువ ఏదో నలుపేదో తెలియడం లేదు.

సంకటి దించేసి వచ్చి ఆ దూలం ముందు నిలబడింది. మళ్ళీ బ్రష్షు చేతిలోకి తీసుకుంది.

“వదిలెయ్యండి అత్తయ్యా,” అంది దోమ్నిక వెనక నుంచి. పిల్లని చంకలో వేసుకుని దూరంగానే నిలబడింది, గాలి తన వైపు రాకుండా చూసుకుని. “మీ వేళ్ళు చూసుకున్నారా?”

“వేళ్ళకేం. మళ్ళీ తోలు వస్తుంది.”

“మిమ్మల్ని ఏడిపించాలని నేను వెళ్తాననలేదు.”

“తెలుసు.”

“మొన్న దానికి ఊపిరి ఆడనప్పుడు పెదాలు నీలంగా అయ్యాయి. మీరూ చూశారు. డాక్టరమ్మ ఏమంది? చెమ్మ, బూజు, దుమ్ము, ఈ మూడూ దగ్గరికి రానివ్వద్దంది. నేను దాన్ని తీసుకెళ్ళి ఆ మూడింటి కిందే పడుకోబెట్టనా?”

“నేను పడుకోబెట్టమన్నానా? రోజూ ఇక్కడ చేతులు పుండు చేసుకుంటున్నది ఎందుకు మరి?” పలాగ బ్రష్షు కింద పెట్టింది. “నువ్వు కొండ దాటి వెళ్తే వాడు నీ వెనకే వస్తాడు. రావాలి కూడా. ఇక్కడ నేనూ ఆయనా మిగులుతాం. ఆయన ఆవుతో మాట్లాడుకుంటాడు. నేను గరిటెతో మాట్లాడుకుంటాను.”

దోమ్నికకి నవ్వొచ్చింది. ఆపుకుంది. ఆపుకోవడం పలాగ చూసింది.

“మంచి గరిటె అత్తయ్యా. ఎదురు చెప్పదు.”

పిల్ల నల్లటి దూలం వైపు చెయ్యి చాచింది. దోమ్నిక ఆ చేతిని పట్టుకుని, నెమ్మదిగా కిందికి దించింది.

*

వడ్రంగి మేస్త్రి ఇలియెష్ మధ్యాహ్నం గుర్రబ్బండి మీద వచ్చాడు. సోమవారం ఇల్లు లేపేది అతని చేతి మీదుగానే. లేపాలో వద్దో చెప్పేదీ అతనే. తోదేర్ గేటు దగ్గరే ఎదురెళ్ళి హోరింక సారా గ్లాసు చేతికిచ్చాడు. మేస్త్రి ఒక్క గుక్కలో తాగి మీసం తుడుచుకున్నాడు.

“పలాగక్కా, నీ సంకటి వాసన గేటు దాకా వచ్చింది. దుంగల వాసన రాలేదు. సగం శుభవార్త.”

“మిగతా సగం చూడు ముందు,” అంది పలాగ.

అతను తొందరపడలేదు. వరసల మధ్య నడుస్తూ ఒక్కో దుంగకీ ముక్కు ఆనించి వాసన చూశాడు. కత్తి మొనతో పొడిచి చూశాడు. మొన దిగకపోతే తల ఊపి ముందుకి పోయాడు. అడుగున నేలకి ఆనిన ఒక దుంగలో మాత్రం మొన వెన్నలోకి దిగినట్టు దిగింది.

“ఇది పోయింది. దీన్ని పొయ్యిలోకి పంపండి, కొత్తది చెక్కుతాను. మిగిలినవి గట్టిగా ఉన్నాయి. బూజు పైతోలు దాకానే. గాలి తగిలి ఎండాక చచ్చింది. ఇంకో గంటసేపు పొడి బ్రష్షు పట్టిస్తే ఆ మిగిలిన ధూళి కూడా పోతుంది.”

“చచ్చిందా?” అంది పలాగ. “మరి ఈ నలుపేంటి? రోజురోజుకీ పెరుగుతోంది కదా.”

మేస్త్రి పెద్ద దూలం ముందు వంగాడు. బొటనవేలు తడి చేసి రుద్ది, వేలు చూసుకున్నాడు. వేలికేమీ అంటలేదు.

“దీన్ని ఎవరు కడిగారు?”

గావ్రిల కొంచెం దూరంలో తేనెపెట్టెల దగ్గర నిలబడి ఉన్నాడు. ఇటే చూస్తున్నాడు.

“నేనే,” అంది పలాగ.

“దేంతో?”

“ముందు సోడా. తరవాత బ్లీచింగ్. తెల్లబడింది, బతికాననుకున్నాను. మళ్ళీ పచ్చగా పుట్టింది. అప్పుడు వెనిగర్ పోస్తే బూజు వేళ్ళతో సహా చస్తుందన్నారు. సీసాలకి సీసాలు పోశాను.”

“పోసి?”

“ఇనుప బ్రష్షుతో తోమాను. గట్టిగా.”

ఇలియెష్ నడుం నిటారుగా చేసుకుని నవ్వాడు. గుర్రం తల తిప్పి చూసింది.

“అక్కా, నువ్వు బూజు తియ్యలేదు. సిరా తయారుచేశావు. ఓక్ చెక్కలో వగరు ఉంటుంది. దాని మీద పులుపు పోసి ఇనుముతో రుద్దితే నల్లబడక ఏం చేస్తుంది? ఎంత తోమితే అంత ఇనుము, ఎంత ఇనుము అంత నలుపు. నువ్వు తోమడం మానేసిన రోజు అదీ పెరగడం మానేసేది.”

“అయితే ఇది… పిల్లకి…”

“పిల్లకి ఏమీ కాదు. ఇది బూజే కాదు. ఇంట్లో నిమ్మకాయ ఉందా?”

ఆనుత్స టీలో పిండటానికి తెచ్చినవి కిటికీలో ఉన్నాయి. దోమ్నిక పిల్లని తోదేర్ చేతిలో పెట్టి పరిగెత్తింది. సగానికి కోసిన నిమ్మచెక్కని మేస్త్రికి ఇవ్వబోతే, “నువ్వే రుద్దమ్మా, నీకే కదా అనుమానం,” అన్నాడు.

ఆమె శిలువ మీద రుద్దింది. ముందు ఏమీ కాలేదు. తరవాత నీలం కరిగింది. నలుపు బూడిదరంగైంది, బూడిదరంగు పలచబడింది, అడుగు నుంచి తేనెరంగు చెక్క పైకి వచ్చింది. శిలువ ఒక చెయ్యి కనబడింది. తరవాత రెండో చెయ్యి.

పలాగ అలాగే నేల మీద కూర్చుండిపోయింది. ముక్కుకి కట్టుకున్న గుడ్డ పైకి లాక్కుని అందులోనే ఏడ్చింది. తోదేర్ నవ్వుతున్నాడు. ఎన్నో రోజులకి కొడుకు పళ్ళు చూసింది.

“అమ్మా, లేమ్మా. ఊళ్ళో నిమ్మకాయలన్నీ కొనేస్తాను.”

“నిమ్మకాయలెందుకురా?” అన్నాడు మేస్త్రి, గ్లాసు మళ్ళీ ముందుకి చాపుతూ. “మీ నాన్న దగ్గర తెల్లపొడి ఉంటుందిగా, తేనెటీగలకి పట్టే పేలకి వాడేది. గోరువెచ్చటి నీళ్ళలో కలిపి పూస్తే పూటలో పోతుంది. చేతులకి తొడుగులు వేసుకుని, పిల్లని దూరంగా ఉంచి, తరవాత బాగా కడగాలి. నా గేటు ఇలాగే నల్లబడితే నాకు నేర్పిందే గావ్రిలన్న.”

మామూలుగానే అన్నాడు. అన్నాక, ఎవరూ గ్లాసు నింపకపోవడం చూసి, అందరి మొహాలూ చూశాడు.

“గుర్రానికి నీళ్ళు పెట్టి వస్తాను,” అని గేటు వైపు వెళ్ళిపోయాడు.

*

గావ్రిల తేనెపెట్టెల దగ్గర నుంచి కదిలి వచ్చాడు. వెళ్ళిపోతాడని అందరూ అనుకున్నారు. వెళ్ళలేదు. పెద్ద దూలానికి అవతలి పక్క నిలబడ్డాడు.

“మామయ్యా,” అంది దోమ్నిక, “మీకు తెలుసా?”

ఆయన దూలం మీదికి చూపు దించాడు.

“రోజూ అత్తయ్య ఇక్కడ ఏడుస్తూ తోముతుంటే ఆ దారినే పెట్టెల దగ్గరికి వెళ్ళారు, వచ్చారు. ఆ పొడి మీ అరలోనే ఉంది. నేను మూటాముల్లె కట్టుకుంటుంటే చూశారు. ఒక్క మాట. ఒక్క మాట చెప్తే అయిపోయేది కదా.”

“ఆమె మీద కోపమైతే ఆమెని తిట్టు నాన్నా,” అన్నాడు తోదేర్. నవ్వు పోయింది. పిల్లని ఇంకో భుజానికి మార్చుకున్నాడు. “నా ఇల్లు ఏం చేసింది నిన్ను? నేను లారీ వాడికి సరేననబోయాను. తెలుసా నీకు? మీ అమ్మ ఇల్లు హోటల్ గోడకి పోయేది.”

గావ్రిల వేలు ఊయల తాడు గాడిలో ఉంది. ముందుకీ వెనక్కీ కదులుతోంది. ఆయన అది గమనించినట్టు లేదు.

పలాగ మాత్రం గమనించింది. ఇన్నేళ్ళ కాపురంలో ఆయన కోపాలన్నీ ఆమెకి తెలుసు. కోపమొస్తే ఆయన గొడ్డలి తీసుకుని కట్టెలు కొడతాడు, దవడ బిగిస్తాడు, పుల్లలు విరుస్తాడు. ఇది ఆ మొహం కాదు. ఈ మొహం ఆమె అద్దంలో చూసుకుంటుంది, పిల్ల దగ్గిన ప్రతిసారీ.

నిరుడు వానలో తడుస్తూ తన చేతికి రాళ్ళందించిన చేతులు గుర్తొచ్చాయి. ఈయన చిన్నప్పటి నుంచీ చెక్కతో బతికిన మనిషి. పొయ్యిలోకి కట్టెలు పేర్చినా మధ్యలో గాలికి సందు వదులుతాడు.

ఆమె నేల మీద నుంచి లేచింది. గుడ్డ విప్పింది.

“ఏమయ్యా,” అంది. గొంతులో కోపం లేదు, అందుకే తోదేర్ కూడా తల తిప్పాడు. “పట్టా నేల దాకా లాగి నేను మూసేస్తుంటే రాళ్ళు నువ్వే అందించావు. గాలి ఆడకుండా మూస్తే లోపల కుళ్ళుతుందని ఆరోజే తెలుసా నీకు?”

గావ్రిల గాడిలోంచి వేలు తీశాడు.

గేటు దగ్గర గుర్రం బొక్కెనలో మూతి పెట్టి నీళ్ళు తాగుతోంది. తేనెపెట్టెల మీద చిన్న మబ్బులా ఈగలు తిరుగుతున్నాయి. దోమ్నిక చేతిలో పిండేసిన నిమ్మచెక్క నుంచి ఒక్కో బొట్టూ మట్టిలో పడింది. తోదేర్ ఏదో అనబోతే పలాగ చెయ్యెత్తి ఆపింది. అడిగింది తను. జవాబు వచ్చేదాకా తనే నిలబడుతుంది.

ఆనుత్స తండ్రి భుజం మీద దగ్గింది. దగ్గు వెనకాల పిల్లికూత వచ్చింది.

గావ్రిల కళ్ళు గట్టిగా మూసుకున్నాడు.

“తెలుసు,” అన్నాడు.

గొంతు బొంగురుగా ఉంది, చాలాకాలం తియ్యని తలుపులాగా. కొడుకునీ కోడలినీ చూడలేదు. ఈస్టర్ తరవాత మొదటిసారి పెళ్ళాం మొహంలోకి చూశాడు.

“ఈ గాడి ఒక్క నా ఊయలతో పడింది కాదు. నా తరవాత పుట్టినవాళ్ళు ఇంకో ఇద్దరు దీని కిందే ఊగారు. జ్వరమొచ్చి పోయారని నీకు మా అమ్మ చెప్పింది. జ్వరం కాదు. ఇదే కూత. రాత్రంతా ఇదే కూత కూసి, తెల్లారేసరికి ఆగిపోయేది. మనవాడు ఇల్లు లేపుతానన్నప్పుడు వద్దనడానికి నాకు నోరు రాలేదు. అందుకే, కుళ్ళిపోతే బాగుండుననుకున్నాను.”

“అప్పుడు కూడా బూజు ఉండి ఉంటుంది,” అంది పలాగ. గుక్క తిప్పుకోకుండా అంది, అది నిజం కావాలని. “బూజు వల్లే అయి ఉంటుంది. ఇప్పుడు తీసేశాం కదా.”

గావ్రిల నిమ్మరసం తడి ఇంకా ఆరని శిలువ మీద అరచెయ్యి ఆనించాడు.

“మా అమ్మ ప్రతి శనివారం దీన్ని సోడాతో తోమి గుడ్డు పెంకులా ఉంచేది. దీన్ని తెల్లగా చెయ్యడం నాకు వచ్చు పలాగా. వాళ్ళు పోయింది ఇది తెల్లగా ఉన్నప్పుడే.”